న్యూగ్రేంజ్ దాకా వెళ్ళి టికెట్ లేక వెనక్కొచ్చాం. అమ్మానాన్నలకి నాలుగు రోజుల్లో ఏం చూపించాలి?

అరసవల్లి_అబ్బాయి
ముందు నిన్నటి అవమానం చెప్పుకుంటాను. డబ్లిన్ వచ్చి ఆరేళ్ళయింది, ఒక్క పాత కట్టడం చూసిన పాపాన పోలేదు. అమ్మానాన్నలు పది రోజుల క్రితం వచ్చారు. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు. చూడాల్సిన చోట్లన్నీ ఊళ్ళోనే నోటుపుస్తకంలో రాసుకుని మరీ వచ్చారు. మొదటి పేరు న్యూగ్రేంజ్, అంటే లోపల రాతి గది ఉన్న ఐదు వేల ఏళ్ళ నాటి గుట్ట. సరే అని నిన్న పొద్దున్నే పులిహోర కట్టించుకుని, గంట కారు నడుపుకుంటూ వెళ్తే, కౌంటర్లో అమ్మాయి నవ్వుతూనే "ఈ వారమంతా అయిపోయాయి" అంది. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలట. చార్మినార్ దగ్గరకి వెళ్ళినట్టు వెళ్ళి టికెట్ తెంపుకోవచ్చు అనుకున్నాను. నాన్న దారిలో ఒక్క మాటా అనలేదు. ఇంటికొచ్చాక అమ్మతో, "ఐదు వేల ఏళ్ళ కట్టడం చూపిస్తానని తీసుకెళ్ళి కారు పార్కింగ్ చూపించాడు నీ కొడుకు" అన్నారు.

బుధవారం నుంచి శనివారం దాకా సెలవు పెట్టాను. లిస్టులో ఉన్నవి: తారా, ట్రిమ్ కోట, మొనాస్టర్‌బాయిస్, గ్లెండలాక్, క్లాన్‌మాక్‌నాయిస్ (ఈ మూడూ పాత మఠాలు), రాక్ ఆఫ్ కాషెల్ (గుట్ట మీద చర్చి), పౌల్నబ్రోన్, డూన్ ఏంగస్, స్కెల్లిగ్ మైకేల్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వీటిలో ఏవి ఉంచను, ఏవి తీసెయ్యను?

లిఫీ_గట్టు
నాలుగు రోజుల్లో తొమ్మిది చోట్లా? నాన్నగారికి చూపిస్తున్నారా, హాజరు వేయిస్తున్నారా?

కార్క్_కోడలు
స్కెల్లిగ్ పేరు ఇప్పుడే కొట్టెయ్యండి. సముద్రంలో నిటారుగా లేచిన కొండ అది. 618 రాతి మెట్లు, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైన టాయిలెట్ లేదు, వానొస్తే నిలబడే నీడ లేదు. రోజుకి 180 మందినే దిగనిస్తారు కాబట్టి పడవలు నెలల ముందే నిండిపోతాయి. నిండినా లాభం లేదు, అల లేస్తే పడవ కదలదు. మాకు వరసగా రెండేళ్ళు పోర్ట్‌మాగీ రేవులో చేపల వేపుడు తిని వెనక్కి రావడమే అయింది. మూడో ఏడు దక్కింది. చీమల పుట్టల్లాంటి రాతి గుడిసెలు, సున్నం లేకుండా పేర్చినవి, ఇప్పటికీ లోపల నేల పొడిగా ఉంది. సన్యాసులు అంత దూరం పోయి ఆ గాలిలో ఎలా బతికారో! కానీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారిని తీసుకెళ్ళే చోటు కాదు.

అరసవల్లి_అబ్బాయి
కొట్టేశాను. ఎనిమిది మిగిలాయి.

గాల్వే_గోంగూర
డూన్ ఏంగస్ కూడా తీసెయ్యి తమ్ముడూ. గాల్వేలో ఉంటూ నేనే చెప్తున్నాను. రాసవీల్ రేవునుంచి ఫెర్రీ, దీవిలో దిగాక వ్యాను, వ్యాను దిగాక కిలోమీటరు దాకా ఎగుడు దారి, గులకరాళ్ళు. పైన కోట గోడ అర్ధచంద్రంలా వచ్చి కొండ అంచు దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఏమీ లేదు, అట్లాంటిక్కే. రెయిలింగ్ లేదు. మా అత్తగారు మా ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. ఆ ఫోటో ఇంట్లో ఫ్రేము కట్టించాం.

నింపాది_నాయుడు
నేను వేరేగా చెప్తాను. రోజుకి ఒక్క చోటు. మహా అయితే రెండు. మా నాన్నని ఒకే రోజు మూడు కోటలు తిప్పితే సాయంత్రానికి ఏది ఏదో కలిపేశారు. ట్రిమ్ ఫోటో చూపిస్తే కిల్కెన్నీ అన్నారు.

వానకోటు
అసలు ఇవన్నీ ఎందుకండీ? ఒక నిజం చెప్పుకుందాం. తారాలో గడ్డి మిట్టలు తప్ప ఏముంది? "ఐర్లండ్ మహారాజుల రాజధాని" అంటే గోల్కొండలా ఉంటుందనుకుని వెళ్ళాను. గొర్రెలున్నాయి. నడుమ నిలబెట్టిన రాయొకటి. మా పిల్లాడు "నాన్నా, ఇది లోడింగ్ అవుతోందా?" అన్నాడు.

రాళ్ళపిచ్చి
@వానకోటు ఆ రాయే లియా ఫాల్. అసలు రాజు తాకితే అరుస్తుందని కథ. మీరు తాకారా? అరవలేదంటే తప్పు రాయిది కాదు.

సరదాకి అన్నాను. తారాలో కట్టడం కోసం వెతికితే నిరాశే, ఎందుకంటే అక్కడున్నది మట్టి పని. కందకాలు, కట్టలు. నేల మీంచి చూస్తే గతుకులే, పైనుంచి తీసిన ఫోటోలో ఒకదాన్నొకటి కోసుకునే వలయాలు. ముందు ఆ ఫోటో చూపించి తర్వాత నడిపించాలి. "బందీల దిబ్బ" అని పిలిచేది మాత్రం నిజంగా సమాధి గది, 5000 ఏళ్ళ నాటిది. రాజుల కథల కంటే అది చాలా పాతది. టికెట్ లేదు, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. సోషల్ మాస్టారికి నచ్చుతుంది, పందెం.

వానకోటు
పైనుంచి తీసిన ఫోటో చూడ్డానికి అక్కడిదాకా ఎందుకు, ఇంట్లోనే చూడొచ్చుగా.

రాళ్ళపిచ్చి
పెళ్ళి వీడియో ఉందని పెళ్ళికి వెళ్ళడం మానేస్తామా.

లిఫీ_గట్టు
😂

మీత్_మావయ్య
న్యూగ్రేంజ్ మీద ఆశ వదులుకోకండి. క్యాన్సిలేషన్లు పడుతుంటాయి. నేను పొద్దున కాఫీ పెట్టుకుంటూ ఒకసారి, రాత్రి పడుకోబోయేముందు ఒకసారి బుకింగ్ పేజీ చూస్తే మూడో రోజుకి రెండు టికెట్లు తగిలాయి. నలుగురికీ ఒకేసారి దొరకడం కష్టం, రెండేసి అయితే దొరుకుతాయి. ఇంకోటి, సొంత కారులో నేరుగా గుట్ట దగ్గరకి వెళ్ళనివ్వరు. సెంటర్లో దిగి, బోయిన్ నది మీద నడక వంతెన దాటి, అవతల వాళ్ళ బస్సెక్కాలి. మిమ్మల్ని నిన్న ఆపేసిన చోటు అదే.

మీ నాన్నగారికి నా తరఫున ఈ సంగతి చెప్పండి. డిసెంబరు 21 చుట్టుపక్కల కొన్ని రోజులు, పొద్దున సూర్యుడు లేవగానే తలుపు పైనున్న చిన్న కిటికీలోంచి వెలుగు దూరి, 19 మీటర్ల సందు పట్టుకుని నడిచి లోపలి గదిలో పడుతుంది. మబ్బు లేకపోతే సుమారు 17 నిమిషాలు ఉంటుంది. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టారు, గిజా పిరమిడ్ల కంటే పాతది. ఆ వెలుగు సంగతి ఈ కాలంలో మొదట కళ్ళారా చూసింది ఓకెల్లీ అనే ప్రొఫెసర్, 1967లో. ఆ రోజు లోపల ఆయన ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఆ ఉదయాలకి లాటరీ తీస్తారు.

అరసవల్లి_అబ్బాయి
ఇది చదివి వినిపించాను. "ఒరే, మన అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాల మీద ఎండ పడేదీ ఇదే లెక్క కదరా" అని లేచి కూర్చున్నారు. ఇప్పుడు ఆ టికెట్ దొరక్కపోతే నన్ను ఇంట్లో ఉండనివ్వరు.

రాళ్ళపిచ్చి
ఒక్క మెలిక. న్యూగ్రేంజ్ ముందు తెల్లగా మెరిసే గోడ చూసి "ఐదు వేల ఏళ్ళుగా ఇలాగే ఉంది" అనుకోకండి. ఆ తెల్లరాళ్ళు అసలువే, విక్లో కొండల నుంచి తెచ్చినవి. కానీ కింద రాలిపడి ఉన్నవాటిని 1970ల్లో వెనక కాంక్రీటు పోసి అలా నిలబెట్టారు. అసలు అలా నిటారుగా ఉండేదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. లోపలి గది కప్పు మాత్రం ఎవరూ ముట్టుకోనిది. రాతి మీద రాయి కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ పైన మూసేశారు. ఇన్ని వేల ఏళ్ళ ఐర్లండ్ వానలకి కారలేదు.

నింపాది_నాయుడు
మా అపార్ట్‌మెంట్ రెండేళ్ళకే కారుతోంది.

లచ్చుమమ్మ_మనవరాలు
ఎవరూ చెప్పని సంగతి నేను చెప్తాను. ఇక్కడ పాత మఠాలన్నీ శ్మశానాలే. గ్లెండలాక్, మొనాస్టర్‌బాయిస్, క్లాన్‌మాక్‌నాయిస్, ఎక్కడికెళ్ళినా సమాధుల మధ్యే నడక. కొన్నిచోట్ల ఇప్పటికీ ఖననాలు జరుగుతాయి, కొత్త పూలుంటాయి. మా అత్తయ్యగారు గ్లెండలాక్ గేటు దగ్గరే ఆగిపోయారు. "శుభమా అని కొడుకు ఇంటికొస్తే వల్లకాడు తిప్పుతారా" అన్నారు. సాయంత్రం ఆరు డిగ్రీల చలిలో అందరం తలస్నానాలు. గీజరు సరిపోక నాకు చన్నీళ్ళు. మీ అమ్మగారి సంగతి ముందే కనుక్కోండి.

అరసవల్లి_అబ్బాయి
అయ్యో. ఇది నాకు తట్టలేదు. అమ్మ కచ్చితంగా అదే బాపతు.

గాల్వే_గోంగూర
మా ఇంట్లోనూ ఇదే. దానికో ఉపాయం, గ్లెండలాక్‌లో అమ్మగారిని సమాధుల వైపు కాకుండా పక్కదారిన సరస్సు ఒడ్డుకి నడిపించండి. చదునైన దారి, బెంచీలున్నాయి. గుండ్రటి బురుజు దూరం నుంచే కనిపిస్తుంది.

ట్రామ్_తాతయ్య
ఆ బురుజులు సన్యాసులు వైకింగులకి, అంటే సముద్రం మీంచి వచ్చే దోపిడీదార్లకి, భయపడి కట్టుకున్నవి. గ్లెండలాక్‌లో తలుపు నేలకి మూడున్నర మీటర్ల ఎత్తున ఉంది. దొంగలు రాగానే నిచ్చెనెక్కి లోపలికి పోయి, నిచ్చెన లాక్కుని తలుపు వేసుకునేవారు. మా గైడు చెప్పాడు.

రాళ్ళపిచ్చి
@ట్రామ్_తాతయ్య బాబాయ్, గైడ్లందరూ చెప్పే కథే గానీ నేను నమ్మను. ఐరిష్‌లో దాని పేరుకి అర్థమే గంటల ఇల్లు. గంట మోగించడానికి కట్టిన బురుజు. పునాది లోతు తక్కువ కాబట్టి కింద తలుపు పెడితే గోడ బలహీనపడుతుంది, అందుకే పైన పెట్టారు. ఇక దాక్కోవడం అంటారా, లోపల అంతస్తులన్నీ చెక్కవి. కింద నిప్పు పెడితే బురుజు పొగగొట్టమే. 950లో స్లేన్‌లో అదే జరిగింది, లోపలున్న మనుషులతో సహా తగలబెట్టారని వాళ్ళ పాత వృత్తాంతాల్లోనే ఉంది.

ట్రామ్_తాతయ్య
అంటే మనుషులు లోపలికి వెళ్ళి దాక్కున్నట్టేగా! నా మాటే నిలిచింది.

రాళ్ళపిచ్చి
...సరే, ఇది మీకే.

వానకోటు
ఇంకో డౌటు. ఒక్కదానికీ పైకప్పు ఉండదేం? డబ్బులు తీసుకుంటున్నారుగా, రేకులైనా వేయొచ్చు.

మీత్_మావయ్య
వైకింగుల మీద తోసేస్తారు గానీ, అసలు దెబ్బ తర్వాత పడింది. 1530ల చివర్లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు రద్దు చేస్తూ భూములు లాక్కున్నాడు. క్లాన్‌మాక్‌నాయిస్‌ని 1552లో అత్లోన్‌లో ఉన్న ఇంగ్లీషు దండు దోచింది. గంటలు, కిటికీ అద్దాలు కూడా వదల్లేదు. కాషెల్ గుట్ట మీద చర్చి కప్పునైతే 18వ శతాబ్దంలో అక్కడి ఆర్చిబిషప్పే పీకించాడు. పెద్ద కప్పు పోయినా, పక్కనే 1134 నాటి కార్మాక్ చాపెల్ రాతి కప్పుతో ఇప్పటికీ ఉంది. లోపల గోడ మీద పాత రంగుబొమ్మల ఆనవాళ్ళు కూడా ఉన్నాయి.

కార్క్_కోడలు
కాషెల్‌కి నా ఓటు. దూరం నుంచి కొండ మీద కనిపించగానే పెద్దవాళ్ళు "ఆఁ, ఇదీ" అంటారు. తారాకి పట్టాల్సిన ఊహ దీనికి అక్కర్లేదు. గాలి మాత్రం మనిషిని ఎగరేస్తుంది, మంకీ క్యాప్ మర్చిపోవద్దు.

బస్సుపాస్
నలుగురు తిరిగేట్టయితే హెరిటేజ్ కార్డు తీసుకోండి. నేను కొన్నప్పుడు పెద్దలకి 40 యూరోలు, సీనియర్లకి 30. ఏడాదంతా ప్రభుత్వం చూసుకునే చోట్లన్నిటికీ పనికొస్తుంది. బ్లార్నీ కోట, మోహర్ కొండలు, ట్రినిటీ కాలేజీలో ఉన్న పాత చేతిరాత పుస్తకం బుక్ ఆఫ్ కెల్స్ దీంట్లోకి రావు.

నింపాది_నాయుడు
@బస్సుపాస్ నాలుగు రోజులకి కార్డు దండగ. పైగా కార్డుంటే "డబ్బులు కట్టాం కదా" అని రోజుకి నాలుగు చోట్లు తిప్పుతారు. మళ్ళీ మొదటికొస్తాం.

బస్సుపాస్
ఇక్కడే ఉంటున్న కొడుక్కి ఏడాదంతా పనికొస్తుంది కదండీ. ఆరేళ్ళుగా ఏమీ చూడలేదని ఆయనే ఒప్పుకున్నాడు.

అరసవల్లి_అబ్బాయి
గుచ్చుకుంది.

లిమరిక్_లచ్చన్న
పౌల్నబ్రోన్ గురించి ఎవరూ అనలేదు. నిలువు రాళ్ళ మీద పెద్ద బండ పరిచి ఉంటుంది. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేటలో రాక్షస గుళ్ళు చూసినవాళ్ళకి "ఇదెక్కడో చూశామే" అనిపిస్తుంది. కింద తవ్వితే ముప్పై మందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి. చుట్టూ బరెన్ అని మైళ్ళ కొద్దీ సున్నపురాతి పలకలు, పగుళ్ళలో చిన్న చిన్న పూలు. టికెట్ లేదు. కాకపోతే డబ్లిన్ నుంచి దాదాపు మూడు గంటలు, అక్కడ చూసేది పది నిమిషాలు.

లచ్చుమమ్మ_మనవరాలు
మళ్ళీ ఎముకలు!

వానకోటు
ఈ దేశంలో ఎముకలు లేని చోటు చెప్పండి ఎవరైనా.

కార్క్_కోడలు
బటర్ మ్యూజియం. మా ఊళ్ళోనే.

పాస్‌పోర్టు_పంతులు
ఒక హెచ్చరిక. ఎవరైనా "జెయింట్స్ కాజ్‌వే (సముద్రం ఒడ్డున రాతి స్తంభాలు) కూడా దగ్గరే" అంటే ఆవేశపడొద్దు. అది ఉత్తర ఐర్లండ్, అంటే యూకే. సరిహద్దులో గేటు ఉండదు, ఎవరూ ఆపరు కాబట్టి మనవాళ్ళు వెళ్ళిపోతుంటారు. అమ్మానాన్నల ఐర్లండ్ వీసా మీద బి.ఐ.వి.ఎస్. అనే అక్షరాలుంటేనే అటు వెళ్ళొచ్చు, లేకపోతే యూకే వీసా కావాలి. అలాగే షెంగెన్ వీసాతో ఐర్లండ్ రాలేరు. ఇది ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా.

టోలు_బాధితుడు
ఎం50 రింగురోడ్డు మీద టోలు గేటు ఉండదు, కెమెరా నంబరు చదివేస్తుంది. మర్నాడు రాత్రి 8 లోపు ఆన్‌లైన్‌లో మనమే కట్టాలి. మా బావగారి అద్దె కారు సంగతి తెలియక వదిలేస్తే, అద్దెకిచ్చినవాళ్ళు జరిమానా మీద సొంత ఫీజు కూడా వేసి కార్డులోంచి లాగేశారు. టోలు మూడు యూరోల చిల్లర, కట్టింది దానికి ఎన్నో రెట్లు. న్యూగ్రేంజ్ వెళ్ళే హడావిడిలో మర్చిపోయేది ఇదే.

అరసవల్లి_అబ్బాయి
నిన్నటిది కట్టలేదు! ఇప్పుడే కడుతున్నా. బతికించారు, ఇంకా గంట ఉంది.

గాల్వే_గోంగూర
వానొచ్చిన రోజుకి కిల్డేర్ స్ట్రీట్‌లో నేషనల్ మ్యూజియం పెట్టుకో. ఉచితం. తారా బ్రోచ్ (బట్టకి గుచ్చుకునే పిన్ను నగ), ఆర్డా పాత్ర అక్కడే. కంసాలి పని తెలిసినవాళ్ళు ఆ బ్రోచ్ ముందు నుంచి కదల్లేరు. అరచేతిలో పట్టేంత దాని మీద అంత సన్నటి బంగారు తీగ పని.

రాళ్ళపిచ్చి
అక్కడే బోగ్ మనుషులు కూడా. పీట్ అనే చిత్తడి నేలలో దొరికిన రెండు వేల ఏళ్ళు దాటిన దేహాలు. ఒకాయన గోళ్ళు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ఇంకొకాయన జుట్టుకి పూసుకున్న జిగురు ఫ్రాన్స్, స్పెయిన్ వైపు నుంచి వచ్చిన చెట్టు బంక. ఆ రోజుల్లోనే దిగుమతి హెయిర్ జెల్!

లచ్చుమమ్మ_మనవరాలు
@రాళ్ళపిచ్చి శ్మశానం వద్దన్న ఆవిడకి శవాన్నే చూపిస్తారా మీరు? ఆ గది దాటించి తీసుకెళ్ళు బాబూ.

అరసవల్లి_అబ్బాయి
తిరిగి వచ్చాం, ఆదివారం రాత్రి రాస్తున్నాను. మొత్తం నాలుగు చోట్లు, తొమ్మిది లిస్టులోవి రెండే చూశాం. @నింపాది_నాయుడు గారూ, సంతోషమా?

బుధవారం మొనాస్టర్‌బాయిస్. మేం వెళ్ళేసరికి ఇంకెవరూ లేరు. అమ్మ గేటు దగ్గర కారులోనే కూర్చుంటానంది, కూర్చుంది. నాన్నా నేనూ లోపలికి వెళ్ళాం. మూరెడాక్ శిలువ ఐదున్నర మీటర్ల ఎత్తు, ఒకే రాయి కాదు గానీ ఒకే చేతి పనిలా ఉంది. నలువైపులా బొమ్మలే. ఇన్నాళ్ళూ శిలువ అంటే రెండు కడ్డీలు అనుకున్నవాణ్ణి. నాన్న కింద నుంచి పైకి ఒక్కో గడీ చదవడం మొదలెట్టారు, "ఇది ఆదాము అవ్వ, పక్కనే అన్న తమ్ముణ్ణి చంపడం, ఇదిగో దావీదు" అని. మిషన్ స్కూల్లో పనిచేశారు కదా, ఆ కథలన్నీ కంఠతా వచ్చు. "చదువు రానివాళ్ళకి కథ చెప్పడానికిరా. మన గుళ్ళ గోడల మీద రామాయణం చెక్కినట్టు" అన్నారు. అడుగున చెక్కించినవాడి కోసం ప్రార్థించమని రెండు వరసలు, వాటి దగ్గర రెండు పిల్లులు. ఒకటి పిల్లని నాకుతోంది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్లుల్ని చాలాసేపు చూశారు. పది నిమిషాల చోటు అనుకున్నాను, గంటన్నర అయింది. అమ్మ ఈలోగా పులిహోర సగం తినేసింది.

గురువారం వాన. మ్యూజియం. ఆ గదిని దాటించాను.

శుక్రవారం న్యూగ్రేంజ్! @మీత్_మావయ్య గారు చెప్పినట్టే మంగళవారం రాత్రి పదకొండుకి పేజీ తెరిస్తే రెండు టికెట్లు. అమ్మానాన్నలే వెళ్ళారు, నేను ఇవతల కాఫీ తాగుతూ కూర్చున్నాను. అమ్మ వెళ్ళదేమో అనుకున్నా గానీ "సూర్యుడి గుడి" అనగానే చీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందు నడిచింది. లోపల సందు ఇరుకట, ఒకచోట పక్కకి తిరిగి వంగి వెళ్ళాలట. గైడు లైట్లన్నీ ఆర్పేసి, డిసెంబరు వెలుగు ఎలా వస్తుందో బల్బుతో చూపించాడట. చీకట్లో అమ్మ చేతులు జోడించిందని నాన్న చెప్పారు. "గర్భగుడిలా చల్లగా ఉంది" అని అమ్మ.

శనివారం కాషెల్. మంకీ క్యాప్ మర్చిపోయాం.

రాళ్ళపిచ్చి
పిల్లుల దగ్గర కూర్చున్నారంటే మీ నాన్నగారు మన పార్టీ. క్లాన్‌మాక్‌నాయిస్ వచ్చేసారికి దాచుకోండి, అక్కడ అసలు శిలువలు లోపల భద్రంగా పెట్టి బయట నకళ్ళు నిలబెట్టారు. వానలోనూ చూడొచ్చు.

లచ్చుమమ్మ_మనవరాలు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒకటడుగుతాను. న్యూగ్రేంజ్ కూడా సమాధే కదా? ఆ గదిలో కాలిన ఎముకలు దొరికాయిగా. అమ్మగారు తలస్నానం చేశారా?

అరసవల్లి_అబ్బాయి
అమ్మకి ఇంకా చెప్పలేదండీ. గైడు చెప్పే ఉంటాడు, ఆ యాస అమ్మకి అర్థం కాలేదు. నాన్నకి అర్థమైంది, నోరు మెదపలేదు. గురువారం వాళ్ళకి ఫ్లైటు. దయచేసి ఈ లింకు ఎవరూ మా శ్రీకాకుళం గ్రూపులో వెయ్యకండి.

ట్రామ్_తాతయ్య
ఆలస్యమైంది నాయనా, పొద్దున్నే వేసేశాను. బురుజు గెలుపు చూపిద్దామని.